నాలుగు నెలల పాపకు నోట్లో తెల్లపూత తిరగబెడుతోంది

మాది పర్లాకిమిడి. పాపకు తల్లిపాలే, రాత్రి మాత్రం ఒకసారి సీసా పాలు. నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు తరకల్లాంటి తెల్లని మచ్చలు. తడిగుడ్డతో తుడిస్తే పోవు, కాస్త గట్టిగా రుద్దితే అడుగున రక్తం కనిపిస్తోంది. రొమ్ము పట్టుకోగానే వదిలేసి ఏడుస్తోంది, చూడలేకపోతున్నాను.

డాక్టర్ రాసిన 1 శాతం క్లోట్రిమజోల్ నోటి మందు పాలు పట్టాక రోజుకు మూడుసార్లు రాస్తే వారంలో తగ్గింది, ఆపగానే మళ్లీ వచ్చింది. సీసా పీకలు రోజూ నీళ్లలో మరిగిస్తున్నాను. వెలిగారం, తేనె కలిపి రాయమని అత్తయ్య అంటున్నారు. ఏడాది లోపు పిల్లలకు తేనె ప్రమాదం కాబట్టి ఒప్పుకోలేదు.

నాకూ చనుమొనలు ఎర్రబడి, పాలిచ్చాక మంట పుడుతోంది. ఇది సోమవారం డాక్టర్‌కు చెప్పబోతున్నాను. ఈలోగా, తల్లీబిడ్డలిద్దరికీ ఒకేసారి మందు వాడినవారు చెప్పండి: మచ్చలు పోయాక ఇంకా ఎన్నాళ్లు కొనసాగిస్తే తిరగబెట్టకుండా ఆగింది?