పీపీ బియ్యం సంచుల మీద రంగు రాలుతోంది, ఇంకులో ఏం కలపాలి?

సంచుల ప్రెస్, నెల్లూరు
స్టోన్‌హౌస్‌పేట వ్యాపారులకి 26 కేజీల బియ్యం సంచులు ప్రింట్ చేస్తున్నాం. లామినేషన్ లేని నేత పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్), రెండు రంగుల ఫ్లెక్సో (మెత్తటి ప్లేట్లతో వేసే అచ్చు), ఫొటోపాలిమర్ ప్లేట్లు, పాలిఅమైడ్ రెసిన్‌తో చేసిన ఇంకు. లారీకి ఎత్తేటప్పుడు హమాలీల భుజాలకి ఎరుపు అంటుతోందని మిల్లువాళ్ల గోల. పైగా మధ్యాహ్నం ఎండ ముదిరాక సంచి మీది ‘బీపీటీ’ అనే బియ్యం రకం పేరులో సున్నాల్లాంటి చోట్లన్నీ పూడుకుపోతున్నాయి. ఇంకు చిక్కబడ్డప్పుడల్లా పల్చన చెయ్యడానికి టొలుయీన్ అనే సాల్వెంట్ పోస్తున్నాం. ఒకరు వ్యాక్స్ అంటారు, ఇంకొకరు సిలికాన్ అంటారు. ఏది, ఎంత, ఎప్పుడు కలపాలన్నా?

బీ4 కప్పు
26 కేజీలా! 2022 జులైలో 25 కేజీల దాకా లేబుల్ సంచికి 5 శాతం జీఎస్టీ వేసిన పుణ్యం.

ముందు సంచి సంగతి తేల్చుకోండి, ఇంకు డబ్బా తర్వాత. 38 డైన్ పెన్నుతో (ఇంకు పట్టే గుణాన్ని డైన్లలో చూసే పెన్ను) సంచి మీద గీత గీయండి. రెండు సెకన్లు గీత గీతలా నిలిస్తే సరే. చుక్కలుగా విడిపోతే కరోనా ట్రీట్‌మెంట్ (ఇంకు పట్టేలా ప్లాస్టిక్ పైపొరకి కరెంటు మెరుపు తగిలించడం) లేనట్టే. ట్రీట్ చెయ్యని పీపీ 30 డైన్ల దగ్గర ఉంటుంది, దాని మీద ఏ ఇంకూ నిలవదు. చేయించిన ట్రీట్‌మెంట్ కూడా నిల్వలో దిగిపోతుంది, అందుకే పాత బేళ్లు విడిగా చూడాలి. ఇంకో పరీక్ష: నల్లగుడ్డతో సంచిని గట్టిగా తుడవండి. తెల్లపొడి అంటితే సంచి నేసిన పీపీ పట్టీల్లో కాల్షియం ఫిల్లర్ (ప్లాస్టిక్‌లో కలిపే సుద్దపొడి) ఎక్కువ వేశారు. రంగు పట్టేది ఆ పొడినే, సంచిని కాదు.

తర్వాత ప్రింటయిన 24 గంటలకి సెలోటేపు అంటించి చటుక్కున లాగండి. పొర పొరంతా టేపుకి వస్తే అతుకు లోపం, వ్యాక్స్ ఎంత కలిపినా దండగ. టేపుకి రాకుండా గుడ్డతో రుద్దినప్పుడే వస్తే రాపిడి లోపం. వ్యాక్స్ పనిచేసేది అక్కడే.

ఇంకు గది
వ్యాక్స్ దాకా వస్తే ఇలా చెయ్యండి. మైక్రనైజ్డ్ పాలీఇథిలీన్ వ్యాక్స్, ఇంకు బరువులో 2 శాతం. అంటే 20 కేజీల డబ్బాకి 400 గ్రాములు. 3 శాతం దాటొద్దు. పొడిని నేరుగా ట్రేలో చల్లితే ఉండకట్టి ప్లేటు మీద గింజల్లా కూర్చుంటుంది. పల్చన చెయ్యని ఇంకు రెండు కేజీలు పక్కకి తీసి, స్టిర్రర్ తిరుగుతుండగా పొడి కొంచెం కొంచెం పోస్తూ 20 నిమిషాలు కలపండి. వేడెక్కనివ్వకండి. జల్లెడ పట్టి మిగతా ఇంకులో కలపండి. పల్చన చెయ్యడం ఆఖరున.

రంగు మీద రంగు పడే డిజైనైతే పైన పడే రంగులోనే వ్యాక్స్ వెయ్యాలి. కింది రంగులో వేస్తే పైది జారిపోతుంది. మెరుపు కాస్త తగ్గుతుంది, బియ్యం సంచికి అదో లెక్క కాదు.

సిలికాన్ వద్దనే నా మాట. 0.1 శాతం దగ్గరే తేడా చూపిస్తుంది. చెయ్యి కాస్త జారినా రంగులో గుండ్రటి ఖాళీ మచ్చలు పడతాయి. రోలరుకీ కప్పుకీ అంటుకుని మర్నాటి ఇంకును కూడా పాడుచేస్తుంది. బస్తాల వరసలూ జారతాయి.

అతుకు కోసం టైటానియం కీలేట్ అనే అతుకు పెంచే మందు 1 నుంచి 2 శాతం వెయ్యొచ్చు. కాకపోతే అది పట్టుకునేది నైట్రోసెల్యులోజ్ అనే ఇంకు రెసిన్‌ని. మీ ఇంకులో అది లేకపోతే డబ్బు దండగ. ఏ రోజుకారోజు కలపాలి, మిగిలింది రాత్రికి రాత్రి చిక్కబడుతుంది. తెలుపులో వేస్తే పసుపు తిరుగుతుంది.

ప్లేటు మేకర్, ఒంగోలు
టొలుయీన్ ఈరోజే ఆపండి. ప్లేటు దానికి ఉబ్బుతుంది, అక్షరం లావెక్కుతుంది. మీ సున్నాలు పూడటంలో దానికీ వాటా ఉంది. పైగా తిండి సరుకు సంచి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) 2018 ప్యాకేజింగ్ నిబంధనలు చెప్పే ఐఎస్ 15495 అనే భారత ప్రమాణం ప్రకారం ఈ ఇంకుల్లో టొలుయీన్ ఉండకూడదు.

పల్చన చెయ్యడానికి ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) 80 పాళ్లు, ఎన్-ప్రొపైల్ ఎసిటేట్ అనే సాల్వెంట్ 20 పాళ్లు వాడండి. ఎసిటేట్ పెంచితే మళ్లీ ప్లేటుకే దెబ్బ. అయితే పాలిఅమైడ్‌లో రెండు రకాలు. ఆల్కహాల్‌లో కరిగేదైతే పేచీ లేదు. ఆల్కహాల్‌తో పాటు ఇంకో సాల్వెంట్ కావలసిన కో-సాల్వెంట్ రకానికి ఐపీఏ ఎక్కువ పడితే రెసిన్ విరిగిపోతుంది. గాజు గ్లాసులో 100 గ్రాముల ఇంకు మీద చూశాకే డబ్బాలో పొయ్యండి.

మధ్యాహ్నం సమస్యకి, ఇంకు ప్లేటు మీదే ఆరిపోకుండా, నెమ్మదిగా ఆరే సాల్వెంట్ మెథాక్సీ ప్రొపనాల్ 3 శాతం, మహా అయితే 5. ఎక్కువైతే కట్టలో సంచులు అతుక్కుంటాయి, వాసన బియ్యానికి పడుతుంది. అరగంటకోసారి బీ4 కప్పులో (ఇంకు కారే సమయంతో చిక్కదనం కొలిచే చిల్లు కప్పు) 20 నుంచి 22 సెకన్లకి సరిచూడండి, ట్రే మీద మూత ఉంచండి. నవంబరు వానల్లో మెథాక్సీ ప్రొపనాల్ వెయ్యొద్దు. అప్పుడు ఐపీఏ డ్రమ్ము తెరిచి ఉంచితే చెమ్మ పీల్చి ప్రింటు తెల్లగా పాలిపోతుంది.

సంచుల ప్రెస్, నెల్లూరు
పెన్నుతో చూశాం. కొత్త బేలు మీద గీత నిలిచింది, టేపుకి రంగు రాలేదు, గుడ్డకి మాత్రం వచ్చింది. పోయిన వేసవి బేళ్ల మీద చుక్కలైపోయింది. రెండూ కలిపి తోలుతున్నాం.

బీ4 కప్పు
విడదియ్యండి. కొత్తవాటికి 2 శాతం వ్యాక్స్ చాలు, కీలేట్ అక్కర్లేదు. పాతవి మళ్లీ ట్రీట్ చేయించండి, కుదరకపోతే ప్రింటు లేకుండా ఇంకేదైనా సరుకుకి అమ్మేయండి.