టెస్టేటర్‌ని తెలుగులో ఏమనాలి?

ఒక సివిల్ తీర్పును తెలుగు చేస్తున్నాను. టెస్టేటర్ (అంటే తన ఆస్తికి వీలునామా చేసిన మనిషి) అన్న మాట పేరా పేరాకూ తగులుతోంది. ‘వీలునామా కర్త’ అని పెడితే మా సీనియర్ లాయరు గారు కర్త వద్దన్నారు, కారణం మాత్రం చెప్పలేదు. ‘దాత’ అంటే సరిపోతుందా? లేక ‘వీలునామాదారు’ అనాలా?

—

దాత అసలే వద్దండీ. దాత అంటే దానపత్రం రాసిన మనిషి. ఆయన బతికుండగానే హక్కు వదులుకుంటాడు, పుచ్చుకునేవాళ్లూ ఆయన బతికుండగానే ఒప్పుకోవాలి. వీలునామా రాసినాయన వదులుకునేది ఏమీ లేదు. బుద్ధి సరిగా ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, పూర్తిగా రద్దూ చేసుకోవచ్చు. 1925 భారత వారసత్వ చట్టం 62వ సెక్షన్ చెప్పేది అదే. అందులో రాసిన పొలాన్ని మర్నాడే అమ్ముకున్నా అడిగేవాడు లేడు. మన దస్తావేజుల్లో ‘నా జీవితకాలం నేనే సర్వహక్కులతో అనుభవించి, నా తదనంతరం...’ అని వచ్చేది ఇందుకే. జనం మాత్రం దానపత్రానికీ వీలునామాకీ కలిపి ‘కొడుక్కి రాసిచ్చేశాడు’ అనేస్తారు. సగం తగాదాలు అక్కడే మొదలవుతాయని నా అనుమానం.

కర్త సంగతి: లాయర్లకు ఆ మాట వినగానే ఉమ్మడి కుటుంబ పెద్ద గుర్తొస్తాడు. ఆ పెద్ద కూడా ఉమ్మడి ఆస్తిలో తన వాటా వరకే వీలునామా రాయగలడు (హిందూ వారసత్వ చట్టం, 1956, 30వ సెక్షన్). ఇళ్లల్లోనేమో కర్త అంటే కర్మ చేసేవాడు. ‘కర్త మరణించిన పిమ్మట’ అని తీర్పులో చదివితే పోయిందెవరో తెలియక తల పట్టుకుంటారు!

—

‘దారు’తోనూ చిక్కే. పట్టాదారు, వాటాదారు, హక్కుదారు... అందరూ ఏదో ఒకటి చేతిలో ఉన్నవాళ్లు. వీలునామాదారు అంటే ఆస్తి దక్కించుకున్నవాడనుకుంటారు.

—

మరి ‘వీలునామా రాసిన వ్యక్తి’ అందామా? నిజానికి రాసేది దస్తావేజు లేఖరి కదా?

—

ఇల్లు కట్టాడంటే ఇటుకలు తనే పేర్చాడని ఎవరూ అనుకోరు కదండీ. ఇదీ అంతే. ఆ 1925 చట్టమే, 63వ సెక్షన్ ప్రకారం సంతకమో, గుర్తో చాలు. ఆయన ఎదుట, ఆయన చెప్పగా ఇంకొకరు సంతకం చేసినా చెల్లుతుంది. అక్షరం ముక్క రాని ముసలమ్మ వేలిముద్ర వేసినా వీలునామా ఆమెదే. కనీసం ఇద్దరు సాక్షులు మాత్రం ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. వీలునామా రాసేవారు మైనరు కాకూడదు, ఏం చేస్తున్నారో తెలిసి ఉండాలి. చూపు లేకపోయినా, చెవుడున్నా అడ్డు కాదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఆ కాగితం కోర్టుకెక్కేసరికి ఆయన ఉండడు. ఇది నువ్వు చేసిందేనా అని అడగడానికి లేదు. 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే ఎత్తి, అనుమానాలుంటే తీర్చాల్సిన బాధ్యత వీలునామా తెచ్చినవాళ్లదే అంది. కాబట్టి పొడుగైనా ‘వీలునామా రాసిన వ్యక్తి’కే నా ఓటు. ఒకసారి అలా రాశాక తర్వాత ‘ఆయన’, ‘ఆమె’ అనేస్తే సరి.

—

థాంక్సండీ, అలాగే మారుస్తా. ఆస్తి పొందేవాళ్లను ‘లబ్ధిదారు’ అంటే మరీ పింఛను జాబితాలా ఉంది. వారసుడు అనొచ్చా?

—

వద్దు. వీలునామా లేకుండానే చట్టప్రకారం వచ్చేవాడు వారసుడు. వీలునామా పక్కింటాయన పేరు మీదైనా రాయొచ్చు. ‘వీలునామా ద్వారా పొందినవారు’ అనండి.