ఇంటి కింద ఖాళీలో పోయే ఏసీ డక్ట్‌కి చెమ్మ పట్టేసింది, జాయింట్ల లీకులు ఎట్ల మూయించాలి?

కొండకిందిల్లు, తిరుపతి:

అందరికీ నమస్తే. మాది కపిలతీర్థం వైపు ఇల్లు. స్థలం కొండ వైపు నుంచి వాలుగా ఉండాది కాబట్టి ముందుభాగం పిల్లర్ల మీద లేపి కట్టినారు, దాంతో హాలు, ముందు బెడ్‌రూము కింద ఒక నాలుగడుగుల ఎత్తు ఖాళీ మిగిలిపోయింది, లోపల ఒట్టి మట్టే, గచ్చు కూడా వేయలేదు. ఇల్లు కట్టేటప్పుడే డక్టబుల్ ఏసీ, అంటే ఒకే మిషన్ నుంచి డక్టు అనే గొట్టాల్లో చల్లగాలి రూములకి పోయే రకం, పెట్టించుకున్నాము. హాల్లో బీములు బాగా కిందికి దిగినాయి, ఇంక ఫాల్స్ సీలింగ్ కూడా వేస్తే తలకి తగిలేట్టు ఉంటాదని డక్టుని ఈ ఖాళీలోంచి తీసుకొని పోయి నేలలో గ్రిల్స్ ఇచ్చినారు.

మొదట్లో బాగానే ఉండేది. ఇప్పుడు ఏసీ వేసిన కాసేపటికి ముక్కిపోయిన వాసన వస్తాది. అమ్మకి ఆయాసం ఉండాది, ఆ వాసనొచ్చిన రాత్రి దగ్గుతానే ఉంటాది, చూడలేకపోతా ఉన్నాను. చివరి రూముకి గాలి సరిగ్గా పోదు, కరెంటు బిల్లు మాత్రం పెరగతానే ఉండాది. నిన్న టార్చి తీసుకొని కిందికి దూరి చూస్తే డక్టు మీద అల్యూమినియం కవరు అక్కడక్కడా ఊడి వేలాడతా ఉండాది, లోపల చలి బయటికి పోకుండా చుట్టిన గ్లాస్ ఊల్ (గాజు నార దూది) నీళ్ళు తాగి బరువుకి కిందికి జారిపోయింది, వేలితో నొక్కితే చుక్కలు చుక్కలుగా కారినాయి. జాయింట్లకి చుట్టిన బూడిద రంగు టేపు జిగురంతా పోయి చుట్టలు తిరిగిపోయి ఉండాది. ఒక జాయింటు దగ్గర చెయ్యి పెడితే చల్లగాలి జివ్వున కొడతా ఉండాది. ఇదంతా ఒక ఎత్తు, కింద మట్టి ఎండాకాలంలో కూడా తడిగానే ఉంటాది అదొక ఎత్తు.

ఒకాయన వచ్చి చూసి మళ్ళీ టేపు చుట్టి పైన ఇంకో పొర ఇన్సులేషన్ వేస్తే సరిపోతాదన్నాడు, ఇంకొకాయన డక్టు మొత్తం మార్చాల్సిందే అంటా ఉన్నాడు. ఈ పని తెలిసినోళ్ళు ఎవరన్నా ఉంటే కొంచెం వివరంగా చెప్పండి. వానలు మొదలయ్యేలోపు చేయించేయాలని ఉంది, 2021 నవంబరులో కొండ మీంచి నీళ్ళు ఊర్లోకి ఎట్ల దిగినాయో ఇక్కడోళ్ళకి చెప్పాల్సిన పని లేదు.

ఏసీపని_చిత్తూరు:

అన్నా, నేను చిత్తూరులో ఏసీ పని చేస్తాను, కల్యాణమండపాలు, షోరూములు, కొన్ని ఇళ్ళు. తడిసిన గ్లాస్ ఊల్ మీద ఇంకో పొర మాత్రం వేయించొద్దు. నీళ్ళు లోపలే ఉండిపోతాయి, బూజు లోపలే పెరుగుతాది, రేకు లోపల్నుంచి తుప్పు పట్టి మీకు తెలిసేలోపు చిల్లులు పడిపోతాది. తడిసిందంతా కోసి తీసేయాల్సిందే. డక్టు జీఐ రేకే (జింకు పూత ఇనప రేకు) కదా, తుప్పు తినకుండా గట్టిగా ఉంటే మార్చే పని లేదు, ఇన్సులేషన్ తీసినాక ఒకసారి గుడ్డతో తుడిచి చూస్తే తెలిసిపోతాది. ఒకటి చూసుకోండి, కొన్ని డక్టులకి లోపలి వైపు కూడా గ్లాస్ ఊల్ లైనింగ్ ఉంటాది, అది తడిసి బూజు పట్టి ఉంటే కడిగితే పోదు, ఆ ముక్క మార్చుకోవాల్సిందే.

ఇంక టేపు సంగతి. ఆ గుడ్డ టేపుకి డక్ట్ టేప్ అని పేరే గానీ డక్టు జాయింట్లకి అది పనికిరాదు. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ వాళ్ళు 1998లో జాయింట్లు మూసే రకరకాల టేపులు, సీలెంట్లు పెట్టి వేడికీ చలికీ పరీక్ష చేస్తే ఈ గుడ్డ టేపే ముందు ఊడిపోయింది. కావాల్సింది మాస్టిక్, మనవాళ్ళు డక్ట్ సీలెంట్ అంటారు, డబ్బాలో చిక్కగా పేస్టులాగా వస్తాది, బ్రష్షుతో పూయాలి. జాయింటు మీద దుమ్ము, నూనె, పాత జిగురు అన్నీ గోకి తీసేసి బాగా ఆరినాక రెండు పక్కలా అంగుళం అంగుళం వచ్చేట్టు, కింద రేకు కనపడనంత మందంగా పట్టించాలి. సందు 6 మిల్లీమీటర్ల కంటే పెద్దగా ఉంటే ముందు ఫైబర్ మెష్ టేపు వేసి దాని మీద పూయాలి, లేకుంటే ఎండినాక పగిలిపోతాది. పూసినాక ఒక రోజు ఏసీ వేయకుండా వదిలేయాలి. తిరుపతిలో దొరక్కపోతే చెన్నైలో డక్టింగ్ సామాన్లు అమ్మే అంగళ్ళలో దొరుకుతాది.

లీకు ఎక్కడుందో కనుక్కోను పెద్ద మిషన్లేం అక్కర్లేదు. బ్లోయర్ (మిషన్‌లో గాలి తోసే ఫ్యాను) మాత్రం ఆన్ చేసి అగరబత్తి వెలిగించి ప్రతి జాయింటు చుట్టూ మెల్లగా తిప్పండి. చల్లగాలి పోయే డక్టు అయితే లీకు దగ్గర పొగ పక్కకి కొట్టేస్తాది, రిటర్న్ డక్టు, అంటే రూముల్లో గాలిని మళ్ళీ మిషన్‌కి తెచ్చేది అయితే పొగ లోపలికి లాక్కుంటాది. ఎక్కడ పొగ కదిలితే అక్కడ మార్కర్‌తో గుర్తు పెట్టేయండి. మెయిన్ డక్టు నుంచి పాయలు చీలే చోట, నేలలో గ్రిల్ పెట్టిన డబ్బా దగ్గర, మిషన్‌కి డక్టుకి మధ్య కలిపే కాన్వాస్ గుడ్డ దగ్గర ఎక్కువ ఉంటాయి. రిటర్న్ లీకుని అస్సలు వదలొద్దన్నా, ఇంటి కింద గాలిని లాక్కొచ్చి అమ్మగారి గదిలో వదిలేది అదే.

గాలాడాలి, తిరుచానూరు:

ఇంత ఖర్చు ఎందుకండీ, ఆ ఖాళీకి నాలుగు వైపులా జాలీలు పెట్టించి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే గాలి ఆడి చెమ్మ ఆరిపోతుంది కదా. మా పాత ఇంట్లో సామాన్ల గది అట్లనే ఆరిపోయింది.

రాలీలో_తిరుపతోడు:

గాలాడాలి గారూ, సామాన్ల గదికి అది సరే. కానీ లోపల చల్లటి డక్టు ఉన్న చోట అట్ల చేస్తే ఒక్కోసారి చెమ్మ ఇంకా పెరుగుతుంది. మాది తిరుపతే, ఇప్పుడు నార్త్ కరోలినాలో రాలీలో ఉంటున్నాము. ఇక్కడ చాలా ఇళ్ళు ఇట్లాగే నేల మీద రెండు మూడడుగులు లేపి కడతారు, ఆ ఖాళీని క్రాల్ స్పేస్ అంటారు, అంటే మనిషి పాకుతూ పోవాల్సిందే, ఏసీ డక్టులన్నీ అందులోంచే పోతాయి. అందుకని ఈ గోల ఇక్కడ ఇంటింటికీ ఉంటుంది.

లెక్క చూడండి. వానాకాలంలో బయట గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉందనుకోండి. ఆ గాలి 26 డిగ్రీల దగ్గర ఉన్న దేన్ని తాకినా నీళ్ళు వదిలేస్తుంది. డక్టు లోపల పోయే గాలి 12 నుంచి 14 డిగ్రీలు. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబు మీద నీళ్ళు పట్టినట్టే డక్టు మీదా పడతాయి. ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి బయట గాలి లోపలికి లాగేకొద్దీ కొత్త తేమ తెచ్చి పోస్తున్నట్టే. ఇక్కడ మా రాష్ట్రంలోనే ప్రిన్స్‌విల్ అనే ఊళ్ళో అడ్వాన్స్‌డ్ ఎనర్జీ అనే సంస్థ కొన్ని ఇళ్ళకి జాలీలు మూసేసి నేలంతా ప్లాస్టిక్ షీటు పరిచి, కొన్ని ఇళ్ళకి జాలీలు అట్లనే ఉంచి పోల్చి చూసింది. మూసిన ఇళ్ళ కింద తేమ తక్కువ ఉంది, కరెంటు ఖర్చు కూడా తగ్గింది.

తిరుపతిలో మే నెల మధ్యాహ్నాలు గాలి బాగా పొడిగా ఉంటుంది, అప్పుడు తలుపు తెరిచిపెట్టి ఆరబెట్టుకోవచ్చు, అందులో తప్పులేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం మూసి ఉంచడమే మేలు.

కిందంతా 6 మిల్ పాలిథిన్ షీటు పరిపించండి, అంటే దాదాపు 150 మైక్రాన్లు, మన దగ్గర స్లాబు కింద పరిచే రకం అడిగితే ఇస్తారు, ఇంకా మందమైతే మరీ మంచిది. షీటు మీద షీటు అర అడుగు అయినా ఎక్కాలి, అతుకులకి టేపు వేయాలి, అంచులు గోడకి, పిల్లర్లకి కొంచెం పైకి ఎక్కించి అంటించాలి. మట్టిలోంచి లేచే ఆవిరి కంటికి కనపడదు గానీ చెమ్మలో పెద్ద వాటా దానిదే. తేమ ఎంతుందో చూసే చిన్న డిజిటల్ మీటరు కొని ఒకటి కింద, ఒకటి హాల్లో పెట్టండి. కింద తేమ 60 శాతం లోపల నిలబడితే బూజుకి అవకాశం బాగా తగ్గిపోతుంది.

ఇంకోటి, లీకుల వల్ల ఎంత పోతుందో చాలామందికి తెలీదు. ఇక్కడి ఎనర్జీ స్టార్ అనే కరెంటు పొదుపు కార్యక్రమం వాళ్ళు చెప్పేదాని ప్రకారం మామూలు ఇంట్లో డక్టులో పోయే గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల్లోనే పోతుంది. మీ చివరి రూముకి గాలి రాకపోవడం, బిల్లు పెరగడం రెండూ దీంతోనే అయ్యుంటాయి.

సివిల్_రేణిగుంట:

అందరూ డక్టు గురించే చెప్తున్నారు, నీళ్ళ గురించి అడగాలి ముందు. ఎండాకాలంలో కూడా మట్టి తడిగా ఉందంటే అది వాన నీళ్ళు ఒక్కటే కాదు. కొండ కింద స్థలాల్లో ఊట ఉంటుంది, నిజమే, కానీ చాలా ఇళ్ళలో నేను చూసింది ఏంటంటే బాత్రూము పైపు ఎక్కడో సన్నగా కారడం, సంపు గోడ పగలడం, వాషింగ్ మెషిన్ నీళ్ళు అక్కడే వదిలేయడం. రాత్రి పడుకునే ముందు నీళ్ళ మీటరు రీడింగు రాసిపెట్టి ఇంట్లో కొళాయిలన్నీ కట్టేసి పొద్దున చూడండి, మారితే పైపు లీకు ఉన్నట్టే. మీటరు లేకపోతే ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్ళ మట్టం గుర్తు పెట్టుకోండి.

కొండ వైపు గోడ పొడవునా ఒక కాలువ తీసి, అందులో చిల్లుల పైపు వేసి, చుట్టూ కంకర పోసి, నీళ్ళు ఇంటిని చుట్టుకొని కింద వీధి కాలువలోకి పోయేట్టు వాలు ఇవ్వాలి. మేడ మీద నుంచి దిగే వాన పైపులు గోడ మొదట్లో వదలకుండా దూరంగా పొడిగించాలి. ఇది చేయకుండా పాలిథిన్ పరిస్తే షీటు కింద నీళ్ళు నిలబడతాయి, పిల్లర్లకి కూడా మంచిది కాదు. కాలువ, తర్వాత షీటు, తర్వాత డక్టు. ఈ వరస మాత్రం మార్చొద్దు.

ఇంకొక మాట, శేషాచలం కొండ పక్కన ఇల్లు, చల్లటి చీకటి చోటు, పాములు రాకుండా ఉండవు. దూరేటప్పుడు బూట్లు, గ్లౌజులు, మంచి లైటు లేకుండా పోవద్దు. ఏసీ ఎంసీబీ (బోర్డులో ఏసీకి కరెంటు ఆపే స్విచ్చి) కట్టేసి పోండి, తడి మట్టిలో మోకాళ్ళ మీద పాకుతూ కరెంటు వైర్ల పక్కన పని, అది గుర్తుపెట్టుకోండి.

కొండకిందిల్లు, తిరుపతి:

మీ అందరికీ చాలా థాంక్స్. సివిల్ అన్న చెప్పినాక ఈ పొద్దు మళ్ళీ దూరినాను. ట్యాంకు మట్టం రాత్రంతా మారలేదు. కానీ ఏసీ మిషన్ డ్రెయిన్ పైపు ఉంది చూడండి, అది బయటికి పోలేదు, గోడ లోపలి వైపే ఒక ఇటుక పక్కన ఆగిపోయింది. పైపు మూతి కింద మట్టిలో చిన్న గుంట పడి నీళ్ళు నిలిచి, చుట్టూ పాకుడు పట్టి ఉండాది. ఏసీ వేసినంతసేపూ నీళ్ళు అక్కడికే. మట్టి ఎండాకాలంలో కూడా ఎందుకు ఆరలేదో ఇప్పుడు అర్థమయింది.

రెండు సందేహాలు. చివరి రూముకి పోయేది గట్టి రేకు డక్టు కాదు, మెత్తటి పైపు, మధ్యలో నేలకి ఆని పొట్ట వేసింది, దాన్ని ఏం చేయాలి? పాత ఇన్సులేషన్ తీసేటప్పుడు అమ్మని ఇంట్లో ఉంచొచ్చా?

ఏసీపని_చిత్తూరు:

ఎండాకాలంలో తడి ఆ డ్రెయిన్‌దే అన్నా. ఈ తేమలో డక్టబుల్ మిషన్ రోజుకి బకెట్ల నీళ్ళు దింపుతాది. పైపుని వాలు పెట్టి బయట కాలువ దాకా తీయించండి, మిషన్ దగ్గర నీళ్ళు నిలిచే యు ఆకారం వంపు ఉందో లేదో చూడండి, అది లేకుంటే బ్లోయర్ పైపులోంచి గాలి లాగి ట్రేలో నీళ్ళు దిగనీయదు.

మెత్తటి పైపు, అంటే ఫ్లెక్సిబుల్ డక్టు, తడిసి ఉంటే కొత్తది వేయండి, దాన్ని ఆరబెట్టి వాడుకోలేరు. కొత్తది బిగుతుగా లాగి, మిగిలిన పొడవు కోసేసి, నాలుగైదు అడుగులకొక వెడల్పు పట్టీతో పైనుంచి వేలాడదీయాలి, నేలకి ఎక్కడా తగలకూడదు. సన్నటి కట్టుతీగతో కడితే ఆ చోట పైపు నలిగి గాలి ఆగిపోతాది, నలిగిన చోటే చెమట కూడా పడతాది. చివర లోపలి పైపుని రేకు మూతికి తొడిగి నైలాన్ టైతో బిగించి మాస్టిక్ పూయాలి, ఆ తర్వాతే ఇన్సులేషన్, బయటి కవరు లాగి ఇంకో టై వేయాలి. బయటి కవరు ఒక్కటే టేపు వేసి వదిలేస్తారు చాలామంది, దగ్గరుండి చూసుకోండి.

రేకు డక్టుకి మళ్ళీ గ్లాస్ ఊల్ వద్దు, నైట్రైల్ రబ్బర్ షీటు వేయించండి, అది నీళ్ళు తాగదు. మీ చోటికి 25 మిల్లీమీటర్లు వేయండి, 13 మాత్రం ఒప్పుకోవద్దు. జిగురు మొత్తం పూయాలి, అక్కడక్కడా చుక్కలు పెట్టి అంటిస్తే సందులోకి తడి గాలి పోయి లోపల నీళ్ళు పడతాయి. ఇన్సులేషన్ వేయకముందే అగరబత్తి పరీక్ష ఇంకోసారి చేయించండి, ఒకసారి కప్పేసినాక ఏ లీకూ కనపడదు. ఫోన్‌లో ప్రతి జాయింటు ఫోటో తీసి పెట్టుకోండి.

అమ్మగారిని ఆ పని జరిగే రోజులు బంధువుల ఇంటికి పంపించేయండి, బూజు పట్టిన ఊల్ కదిపితే పొడి చాలా లేస్తాది, ఆయాసం ఉన్నోళ్ళకి మంచిది కాదు. ఏసీ ఆపేసి గ్రిల్స్‌కి పాలిథిన్ కట్టేసి, పనోళ్ళకి ఎన్95 మాస్కులు ఇప్పించి, తీసిన ఊల్ అక్కడే కవర్లలో మూట కట్టి బయటికి తేవాలి. మళ్ళీ ఏసీ వేసేటప్పుడు 18లో పెట్టొద్దు, 24 నుంచి 26 మధ్య పెట్టుకోండి, డక్టు మీద చెమట దాంతో కొంత తగ్గుతాది. పని మొదలయ్యే ముందు ఫోటోలు ఇక్కడ పెట్టండి, రేకు పరిస్థితి చూసి ఏ ముక్క ఉంచొచ్చో చెప్తాను.