ఐఎమ్‌జీప్రాక్సీ సర్వర్ లోపల పనిచేస్తోంది, బ్రౌజర్‌లో రావడం లేదు

ప్రశ్న: అందరికీ నమస్కారం. చీరాలలో మాకు చీరల షాపు ఉంది, వెబ్‌సైటు నేనే చూసుకుంటాను. ఫోన్‌లో తీసిన ఫొటోలు ఒక్కొక్కటి 5 ఎంబీ దాకా ఉంటున్నాయి. క్లౌడ్‌లో 1 జీబీ ర్యామ్ ఉన్న ఉబుంటు సర్వర్ తీసుకుని, ఫొటోలను కుదించి ఇచ్చే ఐఎమ్‌జీప్రాక్సీని డాకర్‌లో (ప్రోగ్రామ్‌ను ‘కంటైనర్’ అనే విడి డబ్బాలో నడిపే సాధనం) పెట్టాను. సర్వర్‌లోనే కర్ల్ (కమాండ్‌తో లింకు తెరిచే సాధనం) కొడితే ఫొటో వస్తోంది, బ్రౌజర్‌లో 8080 పోర్టుతో తెరిస్తే టైమవుట్. పైగా రోజుకు రెండుసార్లు కంటైనర్ దానంతటదే పడిపోతోంది. రెండ్రోజులుగా ఇదే టెన్షన్.

జవాబు: టైమవుట్ అంటే చాలావరకు క్లౌడ్ ఫైర్‌వాల్ పనే అండీ. కానీ దయచేసి 8080 తెరవకండి. కంటైనర్‌ను 127.0.0.1:8080కి (అంటే సర్వర్ లోపలికి మాత్రమే) కట్టేసి, దాని ముందు ఎన్‌జిన్‌ఎక్స్ (బయటి నుంచి వచ్చేవి అందుకునే వెబ్ సర్వర్) పెట్టి, ఫైర్‌వాల్‌లో 80, 443 మాత్రమే తెరవండి. ఉబుంటులోని ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూ ఉందిగా అని ధీమాగా ఉండొద్దు. డాకర్ తెరిచిన పోర్టు దాన్ని దాటుకుని పోతుంది.

మీ లింకుల్లో ‘ఇన్‌సెక్యూర్’ అనే మాట ఉందా? ఉంటే కీ, సాల్ట్ (లింకు మీదేనని సంతకం చేసే రహస్య కోడ్‌లు) పెట్టలేదన్నమాట. ఊళ్లోవాళ్లంతా తమ ఫొటోలు మీ సర్వర్ మీదే కుదించుకుంటారు, బిల్లు మీకు వస్తుంది.

కంటైనర్ సంగతికి వస్తే, ‘డాకర్ పీఎస్’ కమాండ్‌కి ‘-ఎ’ తగిలించి, ఆగిపోయినవాటినీ చూడండి. ఎగ్జిట్ కోడ్ 137 కనిపిస్తే దాదాపు మెమరీ చాలకే. ఫైలు 5 ఎంబీయే అయినా విప్పితే పిక్సెల్‌కు 3 బైట్లు. 48 మెగాపిక్సెల్ ఫొటో అంటే సుమారు 144 ఎంబీ. అలాంటివి నాలుగు ఒకేసారి వస్తే మీ 1 జీబీ ఏ మూలకి? వర్కర్ల సంఖ్య (ఒకేసారి చేసే ఫొటోలు) 1 చేయండి, 2 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ జాగా) ఇవ్వండి.

ప్రశ్న: 137 అనే ఉందండీ! స్వాప్ ఇచ్చాను, ఎన్‌జిన్‌ఎక్స్ కూడా అయింది. కీ, సాల్ట్ పెట్టాక మాత్రం ప్రతి ఫొటోకీ 403 (అనుమతి లేదు) వస్తోంది.

జవాబు: ఇక్కడ నేనూ ఓ సాయంత్రం పోగొట్టుకున్నాను. కీ, సాల్ట్ రెండూ హెక్స్‌లో (0-9, ఎ-ఎఫ్ అక్షరాల్లో) ఉంటాయి, వాటిని బైట్లుగా మార్చాకే వాడాలి. ముందు సాల్ట్, దాని వెనకాలే లింకులో సంతకం తర్వాత వచ్చే పాత్ (మిగతా భాగం), మొదటి స్లాష్‌తో సహా. ఈ రెండూ కలిపి, కీతో హెచ్‌మ్యాక్ షా-256 (సంతకం లెక్కగట్టే పద్ధతి) చేసి, యూఆర్‌ఎల్‌కి పనికొచ్చే బేస్64 అక్షరాల్లోకి మార్చి, చివరి ‘=’ గుర్తులు తీసేయండి. నేను ఆ స్లాషే మరిచాను. ఈ పని సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీలో చేయండి. బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్‌లో పెడితే కీ అందరి చేతికీ ఇచ్చినట్టే.

ఇంకొకటి, ఐఎమ్‌జీప్రాక్సీ తను చేసిన ఫొటోను దాచుకోదు. అడిగిన ప్రతిసారీ కొత్తగా చేస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్‌లో క్యాష్ (చేసినదాన్ని దాచి మళ్లీ ఇచ్చే ఏర్పాటు) పెట్టాల్సిందే. వెబ్‌పీ (చిన్న సైజు ఫొటో ఫార్మాట్) ఆటోమేటిక్‌గా ఇస్తుంటే, దాచినదాన్ని గుర్తుపట్టే క్యాష్ కీలో ‘వెబ్‌పీ వచ్చు, రాదు’ అన్న తేడా కూడా చేర్చండి. లేకపోతే పాత ఫోన్లలో చీర బదులు ఖాళీ డబ్బా కనిపిస్తుంది.

ప్రశ్న: స్లాషేనండీ! ఇప్పుడు వస్తున్నాయి, 5 ఎంబీది 140 కేబీ అయింది. కానీ మెరూన్ చీర మీద సన్న జరీ గీతలు అలికినట్టున్నాయి.

జవాబు: లాసీ వెబ్‌పీ (కొంత వివరం వదిలేసి కుదించే రకం) రంగుల వివరాన్ని సగం కొలతలకు తగ్గించి దాస్తుంది. ఎరుపు మీద సన్న గీతల్లో అది బయటపడుతుంది. జాబితా పేజీకి వెబ్‌పీయే ఉంచండి, చీరను దగ్గరగా చూపించే ఫొటోకు మాత్రం క్వాలిటీ 90తో జేపెగ్ ఇచ్చి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.