బోస్టన్‌ల స్వీట్లు ఏడ మంచిగుంటయ్?

అన్నలూ అక్కలూ, హన్మకొండ నుంచి వచ్చి పదిరోజులైంది, నార్త్‌ఈస్టర్న్‌ల ఎమ్మెస్. అమ్మ కట్టిచ్చిన సకినాల డబ్బా నిన్నటితోని ఖతం. ఇక్కడ మంచి బేకరీలు, స్వీట్ షాపులు ఏమున్నయ్? గుడ్డు తింట, మాంసం ముట్ట.

—

తమ్మీ, నేను ఆరేండ్లు ఆడ ఉండి పోయినేడే నక్కలగుట్టకు వాపస్ వచ్చిన, ఆ రుచులు ఇంకా యాదికే ఉన్నయ్. మీ కాలేజీ పక్కన రగుల్స్ స్టేషన్‌ల ఆరెంజ్ లైన్ మెట్రో ఎక్కి హేమార్కెట్‌ల దిగు, ఆడికెళ్లి నార్త్ ఎండ్‌కు నడుసుకుంటనే పోవచ్చు. హానోవర్ స్ట్రీట్ నిండ ఇటలోళ్ల దుకాణాలే. మైక్స్ పేస్ట్రీ ముంగట లైన్ చూస్తే మేడారం జాతర యాదికొస్తది, 1946 నుంచి ఉన్న షాపు, డబ్బాకు దారం కట్టిస్తరు, అది చేతుల పట్టుకొని తిరుగుడే ఓ ఫ్యాషన్. అందరు వచ్చేది కనోలీ కోసం. ఏం లేదు, మన గరిజె మీది పొరనే గొట్టం లెక్క చుట్టి నూనెల కాల్చి, లోపట రికోటాల చక్కెర కలిపి నింపుతరు, రికోటా అంటే పాలు విరిగినట్టు మెత్తగ ఉంటది.

నేనైతే ఎదురుంగున్న మోడరన్ పేస్ట్రీ అనే షాపుకే పోతుంటి, ఆడ మనం అడిగినంకనే నింపిస్తరు, కొరికితే కర్రుమంటది. ఓసారి నాలుగు కొని రెండు ఫ్రిజ్‌ల పెట్టిన, తెల్లారెవరకు వానల తడిసిన అప్పడం లెక్కనయినయ్, తప్పు నాదే. రెండే కొను, పక్కనున్న గ్రీన్‌వే పార్కుల గడ్డి మీద కూసొని అప్పుడే తిను. ఇంకోటి, పాత పద్ధతిల ఆ పిండిల లార్డ్ అంటే పంది కొవ్వు కలుపుతరు, అందరు కలపరు గని అడిగే తీస్కో.

ఆ గల్లీల దగ్గర్నే 1919 జనవరి 15న మొలాసిస్ ట్యాంకు పలిగి 23 లక్షల గ్యాలన్లు రోడ్ల మీద పారి 21 మంది సచ్చిపోయిన్రు. బెల్లం పాకం అసొంటి దాంట్ల మనుషులు మునుగుడేందని నవ్విన, కమర్షియల్ స్ట్రీట్‌ల చిన్న పలక చూసినంక నవ్వు పోయింది.

బోస్టన్ క్రీమ్ పై పేరుకే పై, అసలుకు కేకు, నడుమ కస్టర్డ్, పైన చాక్లెట్. పార్కర్ హౌస్ హోటల్‌ల పుట్టింది, 1996ల మసాచుసెట్స్ సర్కారు దాన్ని తమ రాష్ట్రం స్వీటని ప్రకటించింది. మన సకినాలకు గా మర్యాద ఎప్పుడు దొర్కుతదో.

—

అక్కా, బోవాస్ బేకరీ మర్సిపోయినవ్! సాలెం స్ట్రీట్ మూల మీదుంటది, అర్ధరాత్రి దాటినంక సుత తెరిచుంటది, ప్రాజెక్టు సబ్‌మిషన్ రాత్రులల్ల మాకు అదే దిక్కు. తమ్మీ, వాల్తమ్‌ల ఇండియన్ కొట్లున్నయ్ గని నాకు ఎన్నడూ సకినాలు దొర్కలె, మురుకులే. ఇంటికెళ్లి పార్సిల్ వస్తే చెప్పు, చాయ్ నేను పెడ్త.