హల్లు, ఒత్తు, గుణింతం: అన్ని కలయికలూ కోడ్‌తో రాబట్టడం ఎలా?

అచ్చుబడి: తెలుగు ఫాంటు ఒకటి పరీక్షిస్తున్నాను. హల్లులు 35, ఒత్తులు 35, గుణింతపు గుర్తులు 12. ఒకదానిలో ఒకటిగా మూడు ఫర్ లూపులు రాశాను. ఇప్పుడు ‘స్త్రీ’ లాంటివాటికి రెండో ఒత్తు కూడా కావాలి. లిస్టు పెరిగినప్పుడల్లా ఇంకో లూపు రాయాల్సిందేనా?

కొండపల్లి_కోడర్: అక్కర్లేదండీ. పైథాన్‌లో 2.6 నుంచీ ఐటర్‌టూల్స్ ప్రొడక్ట్ (itertools.product) ఉంది, అది ప్రతి లిస్టు నుంచీ ఒక్కోటి తీసుకుని అన్ని కలయికలూ ఇస్తుంది. లిస్టులన్నీ ఒక లిస్టులో పెట్టి, ముందు నక్షత్రం గుర్తు వేసి పంపండి. ఎన్ని లిస్టులున్నా కోడ్ ఒక్క లైనే. బండి మీటరులో చివరి అంకెలాగా చివరి లిస్టు వేగంగా తిరుగుతుంది. అందుకే గుణింతాన్ని చివర పెట్టండి, క, కా, కి వరుసగా వస్తాయి.

టెస్టర్_అక్క: మీ లిస్టులతో ఒత్తు లేని ‘కా’ రాదు, తలకట్టుతో ఉండే ‘క్క’ కూడా రాదు. ఒత్తుల్లో, గుణింతంలో ఒక్కో ఖాళీ స్ట్రింగ్ (ఏ అక్షరమూ లేని విలువ) చేర్చండి. అప్పుడు 35×36×13, అంటే 16,380. ఖాళీ లిస్టుతో మాత్రం జాగ్రత్త. ఒక్క లిస్టు ఖాళీగా వచ్చినా కలయికలు సున్నా, ఎర్రర్ కూడా రాదు. ఒక ప్రాజెక్టులో ఇలాగే ఒక్క టెస్టూ నడవకుండా అంతా ‘పాస్’ అని చూపించింది. లూపుకు ముందే ప్రతి లిస్టు పొడవూ చూసుకోవడం చాలా ముఖ్యం.

అచ్చుబడి: రెండో ఒత్తు చేరిస్తే 5,89,680 వచ్చాయండీ. కొన్ని అక్షరాలు రెండేసిసార్లు కనిపిస్తున్నాయి.

కొండపల్లి_కోడర్: మొదటి ఒత్తు ఖాళీ, రెండోది త-ఒత్తు అయినా, అటుదిటు అయినా అక్షరం ఒకటే. సెట్‌లో (ఒకే విలువను రెండుసార్లు ఉంచుకోని జాబితాలో) వేసి వడకట్టొచ్చు గానీ, అసలు పుట్టకుండా చూడటమే మేలు. ఒత్తుల లిస్టు ఒక్కటే ఉంచి, అందులో ఖాళీ 1, ఒంటి ఒత్తులు 35, జంట ఒత్తులు 1,225 పెట్టండి. మొత్తం 1,261. కలయికలు 5,73,755కి దిగుతాయి.

నిదానం: ఫలితాన్ని మొత్తంగా లిస్టులోకి మార్చకండి. ప్రొడక్ట్ ఒక్కొక్కటే ఇస్తుంది, వచ్చినదాన్ని వచ్చినట్టు వాడేసుకోండి. అయితే ఇచ్చిన లిస్టులను అది ముందే మెమరీలోకి తీసుకుంటుంది, కాబట్టి అంతులేని జెనరేటర్ (విలువలను ఒక్కొక్కటిగా పుట్టిస్తూ పోయేది) ఇస్తే అక్కడే ఆగిపోతుంది.

టెస్టర్_అక్క: వీటిలో చాలావరకు ఏ తెలుగువారూ రాయని అక్షరాలే. నేనైతే తెలుగు వికీపీడియా పాఠం నుంచి వాడుకలో ఉన్న సంయుక్తాక్షరాలు ఏరి, ముందు వాటిని కంటితో చూస్తాను. మిగతావాటిలో కొన్ని రాండమ్‌గా చాలు.

అచ్చుబడి: రాండమ్‌గా తీయాలన్నా అన్నీ పుట్టించాలి కదా?

నిదానం: అవసరం లేదు. 0 నుంచి 5,73,754 వరకు ఏదో ఒక సంఖ్య రాండమ్‌గా తీసుకుని 13తో భాగించండి. శేషం గుణింతపు స్థానం. భాగఫలాన్ని 1,261తో భాగిస్తే శేషం ఒత్తు, భాగఫలం హల్లు.

అచ్చుబడి: పనిచేసిందండీ! ఇలా తీసినవాటిలో మొదటి విడతలోనే జంట ఒత్తులు ఒకదానిమీద ఒకటి పడుతున్న అక్షరాలు దొరికాయి.