సముద్రపు నాచుతో మురుగు జాడ తెలుస్తుందా?

ప్రశ్న: మా విశాఖలో ఓ కాలువ సముద్రంలో కలిసేచోట రాళ్లపై పచ్చటి నాచు దట్టంగా పెరుగుతోంది, చూస్తే టెన్షన్‌గా ఉంది. మురుగు వల్లేనా? నీళ్లు టెస్ట్ చేయిస్తే సరిపోతుందా?

జవాబు 1: నీటి శాంపిల్ ఆ క్షణం సంగతే చెబుతుందండీ. నాచు రోజుల తరబడి నైట్రోజన్ పీల్చుకుంటుంది, శుద్ధి చేసిన మురుగులో సాధారణంగా నైట్రోజన్-15 (నైట్రోజన్‌లోనే కాస్త బరువైన రకం) వాటా ఎక్కువ కాబట్టి ఆ గుర్తు నాచులో మిగిలిపోతుంది. 1990ల చివర్లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ దగ్గర మోర్టన్ బే అనే అఖాతంలో ఎర్ర నాచును చిల్లుల డబ్బాల్లో 4 రోజులు నీటిలో ఉంచి, మురుగు ఎంతదూరం పాకిందో మ్యాప్ గీశారు. అద్భుతమైన పని!

జవాబు 2: పచ్చగా ఉందని మురుగేనని తేల్చేయకండి. ఎరువుల నైట్రోజన్‌కీ నాచు పెరుగుతుంది, కానీ అందులో నైట్రోజన్-15 వాటా తక్కువ. మాస్ స్పెక్ట్రోమీటర్ (ఇలాంటి బరువు తేడాలను కొలిచే యంత్రం) ఉన్న ల్యాబ్‌లో నాచును చూపించాలి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, యూనివర్సిటీలో అడుగుతాను.